నెహెమ్యా ఐదవ అధ్యాయం, ఒక ప్రామిసరీ నోటు: సంఘంలో తలెత్తిన అప్పు తగాదాపై కేస్ స్టడీ

ఈ కేసు పల్నాటి ప్రాంతంలోని ఒక గ్రామ క్రైస్తవ సంఘానికి సంబంధించినది. అప్పు తీసుకున్న కుటుంబం, అప్పు ఇచ్చిన పెద్ద ఒకే సంఘంలో సభ్యులు. ఇద్దరి అనుమతితోనే దీన్ని రాస్తున్నాను. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా కుటుంబ వివరాలను, కొన్ని అంకెలను మార్చాను. సంఘకాపరిగా నా పనిలో అప్పు తగాదాలు కొత్త కాకపోయినా, ఈ ఒక్కదాన్ని వివరంగా రాయడానికి కారణం ఉంది. ఆ కుటుంబానికి నేను వెళ్లేసరికే మూడు బైబిలు కథలు, వాక్యాలు చెప్పబడి ఉన్నాయి; మూడూ వారి భారాన్ని పెంచాయి. నాలుగవది కొంతవరకు దారి చూపింది. ఆ తేడా కథల గొప్పతనంలో లేదనీ, ఏ కథను ఎవరి ముందు పెట్టాలన్న నిర్ణయంలో ఉందనీ నా అభిప్రాయం.

నేపథ్యం

భర్త కౌలు రైతు. 2021 వేసవి చివర మూడెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశాడు. కౌలు రైతులకు బ్యాంకు రుణం అందించడానికి ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది గానీ, ఆ చట్టం కింద ఇచ్చే సాగుదారు పత్రానికి అప్పట్లో భూయజమాని సంతకం కావలసి వచ్చేది. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనన్న భయంతో చాలామంది యజమానులు పెట్టేవారు కాదు. ఈ రైతు యజమానీ పెట్టలేదు. అందువల్ల అతడు సంఘపెద్దల్లో ఒకరైన విశ్రాంత ఉపాధ్యాయుని దగ్గర రెండు లక్షల రూపాయలు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి, ప్రామిసరీ నోటు రాసి తీసుకున్నాడు. పురుగుమందులు, ఎరువులు కొట్టులో అరువు పెట్టాడు. భార్య డ్వాక్రా సంఘంలో తీసుకున్న అప్పు అప్పటికే ఉంది.

ఆ ఏడాది మిరపకు ఏం జరిగిందో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కరలేదు. నల్ల తామర పురుగు పూతలో చేరి పూలను రాల్చేసింది. ఆంధ్ర, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ వేల ఎకరాల్లో రైతులు తోటలు దున్నేశారు. ఇతనికి పెట్టుబడిలో నాలుగో వంతు కూడా తిరిగి రాలేదు. మొదటి సంవత్సరపు వడ్డీ నలభై ఎనిమిది వేలు భార్య నగలు కుదువబెట్టి కట్టారు. ఆ తరువాత రెండేళ్లు ఏమీ కట్టలేదు.

ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేళ్లు. 2024 ఎండాకాలానికి గడువు దగ్గర పడడంతో మాస్టారు నోటు తిరగరాయమన్నారు. అంటే అసలు రెండు లక్షలకు రెండేళ్ల వడ్డీ తొంభై ఆరు వేలు కలిపి రెండు లక్షల తొంభై ఆరు వేలకు కొత్త నోటు. వడ్డీ అదే రెండు రూపాయలు, అయితే ఇకమీద నెలకు నాలుగు వేలకు బదులు ఐదు వేల తొమ్మిది వందల ఇరవై. రాయకపోతే గడువు దాటకముందే కోర్టులో దావా వేయక తప్పదని వకీలు చెప్పాడట. రైతు నోటు రాయలేదు. హైదరాబాదులో తాపీ పనికి వెళ్లిపోయాడు. కుటుంబం గుడికి రావడం మానింది. ముఖ్యంగా సంస్కారపు ఆదివారాల్లో, అంటే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం పంచుకునే రోజుల్లో, అసలు కనిపించేవారు కాదు. ప్రభువు బల్ల దగ్గర పాత్ర అందించేది మాస్టారే.

మొదటి కలయిక

భార్య నా దగ్గరకు వచ్చింది, భర్త రాలేదు. ఆమె మొదట అడిగింది డబ్బు గురించి కాదు. "అయ్యగారూ, ఫోనులో ఆయన మాట తీరు బాగోలేదు, ఇంటికి రానంటున్నాడు" అన్నది. ఇలాంటి సమయంలో సేవకుడు తొందరపడి బైబిలు తెరవకూడదని నేను గట్టిగా నమ్ముతాను. ఆ సాయంత్రం అతనికి ఫోను చేసి, చనిపోవాలనే ఆలోచన వస్తోందా అని సూటిగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనన్న భయం మనలో చాలామందికి ఉంది. అది నిజం కాదు, అడగడం వల్ల అవతలివారికి మాట్లాడే వీలు దొరుకుతుంది. వస్తోందని అతడు ఒప్పుకున్నాడు. టెలీ మానస్ నంబరు 14416 అతనికీ భార్యకూ ఇచ్చాను. అతని తమ్ముణ్ణి మర్నాడే హైదరాబాదు పంపాము. అతడు ఊరికి వచ్చాక ఇంట్లో మిగిలిన పురుగుమందు డబ్బాలను బంధువుల ఇంటికి తరలించాము. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుని దగ్గరకు వెంట తీసుకువెళ్లాను. ఆ వారం ప్రార్థన చేశానే గాని ఏ కథా చెప్పలేదు.

అంతకుముందు చెప్పబడినవి

కుటుంబం కుదుటపడ్డాక, ఇంతకాలం ఎవరెవరు ఏం చెప్పారని అడిగాను. ఈ ప్రశ్న ప్రతి కేసులోనూ అడగవలసినదే. మన సంఘాల్లో కష్టంలో ఉన్నవారికి వాక్యం చెప్పేవారి కొరత ఎప్పుడూ ఉండదు.

మొదట చెప్పింది ఉపవాస కూడికలకు వచ్చిన ఒక ప్రసంగీకుడు. రాజుల రెండవ గ్రంథం నాలుగవ అధ్యాయంలోని విధవరాలి నూనె కథ, అంటే అప్పుల్లో ఉన్న ఒక విధవరాలి ఇంట్లోని కొద్ది నూనె ఎన్నో పాత్రలు నింపిన కథ చెప్పి, విత్తన కానుక (దేవుడు ఎన్నో రెట్లు తిరిగి ఇస్తాడన్న నమ్మకంతో ముందుగా ఇచ్చే డబ్బు) ఇస్తే అప్పు అద్భుతంగా తీరుతుందన్నాడు. వారు ఐదు వేలు ఇచ్చారు, అదీ అప్పు చేసి. అద్భుతం జరగకపోవడంతో తమ విశ్వాసమే చాలలేదని అనుకున్నారు. ఆ కథను నేను వారితో మళ్లీ చదివాను. ప్రవక్త ఎలీషా అక్కడ ఆమె నుంచి ఏమీ తీసుకోలేదు. ఇంట్లో ఏముందని అడిగాడు. ఇరుగుపొరుగువారి వట్టి పాత్రలు అడిగి తెచ్చుకోమన్నాడు. పాత్రలు నిండిన తరువాత నూనె అమ్మి అప్పు తీర్చుకోమనీ, మిగిలినదానితో బ్రతకమనీ చెప్పాడు. పొరుగువారు పాత్రలు ఇచ్చారు కాబట్టే నూనెకు చోటు దొరికింది. కూడికలో చెప్పినప్పుడు పొరుగువారు కథలోంచి జారిపోయారు, కానుక వచ్చి చేరింది.

రెండవది, రోమా పత్రిక పదమూడవ అధ్యాయంలోని ఎవనికీ ఏమీ అచ్చియుండవద్దన్న (బాకీ ఉండవద్దన్న) మాట. ఇది బంధువుల్లో ఒకరు భర్త ముఖాన అన్నది. మూడవది మత్తయి పద్దెనిమిదవ అధ్యాయంలోని క్షమించని దాసుని కథ, అంటే రాజు తన పెద్ద అప్పు కొట్టివేసినా తోటి దాసుని చిన్న అప్పును వదలనివాని కథ; దీన్ని భర్త తరఫువారు మాస్టారికి చెప్పి పంపారు. ఆయన నొచ్చుకున్నారు, అందులో న్యాయం ఉంది. ఆ ఉపమానం పేతురు అడిగిన ప్రశ్నకు జవాబు: సహోదరుడు తప్పిదం చేస్తే ఎన్నిసార్లు క్షమించాలి? రాజు దాసుని అప్పు కొట్టివేయడం దేవుడు పాపాన్ని క్షమించడానికి పోలికగా చెప్పబడింది. దాన్ని పట్టుకుని పింఛను మీద బ్రతికే మనిషిని రెండు లక్షలు వదులుకొమ్మని, లేకపోతే నువ్వు ఆ దుష్టదాసుడివని అనడం బెదిరింపు అవుతుంది.

నెహెమ్యా ఐదవ అధ్యాయాన్ని ఎందుకు ఎంచుకున్నాను

క్రీస్తుపూర్వం 445లో, పారసీక రాజు అర్తహషస్త ఏలుబడి ఇరవయ్యవ సంవత్సరంలో, నెహెమ్యా యెరూషలేము ప్రాకారం కట్టించడానికి వచ్చాడు. ప్రాకారం యాభై రెండు రోజుల్లో పూర్తయింది. మన ప్రసంగాల్లో గ్రంథం ఇక్కడికే పరిమితమవుతుంది: గోడ, శత్రువులు, ఒక చేత పని, ఒక చేత ఆయుధం. గుడి కట్టడానికి చందాలు పోగుచేసే ప్రతి సంఘంలోనూ ఈ గ్రంథం వినిపిస్తుంది. అయితే గోడ కథకు నడుమ ఐదవ అధ్యాయం ఉంది; అందులో గోడ ఊసే దాదాపు లేదు, అప్పులున్నాయి.

జనులు, వారి భార్యలు తమ సహోదరులైన యూదుల మీద మొరపెట్టారని మొదటి వచనం చెబుతుంది. కొందరికి పిల్లలెక్కువ, ధాన్యం లేదు. కొందరు కరువులో తిండిగింజల కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు తాకట్టు పెట్టారు. కొందరు రాజు శిస్తు కట్టడానికి అప్పు చేశారు. చివరికి కొడుకులను, కూతుళ్లను దాస్యానికి అప్పగించవలసి వచ్చింది. నెహెమ్యాకు కోపం వచ్చింది; తనలో తాను ఆలోచించుకున్నాడు; ప్రధానులను, అధికారులను గద్దించాడు; పెద్ద సమాజం కూర్చాడు. తరువాత పదవ వచనంలో ఊహించని మాట ఒకటి ఉంది: తానూ, తన బంధువులూ, తన దాసులూ కూడా అప్పు ఇచ్చినవారేనని చెప్పి, ఈ వడ్డీ మానివేద్దామంటాడు. పొలాలు, తోటలు, ఇళ్లు తిరిగి ఇమ్మంటాడు. సొమ్ములో, ధాన్యంలో, ద్రాక్షారసంలో, నూనెలో తీసుకుంటున్న నూరవ భాగాన్ని కూడా తిరిగి ఇమ్మంటాడు. వ్యాఖ్యాతల్లో చాలామంది ఈ నూరవ భాగాన్ని నెల వడ్డీగా లెక్కిస్తారు. అలా చూస్తే అది మన ఊళ్ల లెక్కలో సరిగ్గా నూటికి రూపాయి వడ్డీ, మనవాళ్లు ధర్మవడ్డీ అనుకునేది.

ఈ కథ మా కేసుకు ఎక్కడ సరిపోతుందో ఎంత ముఖ్యమో, ఎక్కడ సరిపోదో అంతే ముఖ్యం. పంట పోవడం, ఒకే విశ్వాస కుటుంబంలో అప్పు, భార్యల మొర, ఇవి కలిశాయి. కానీ కౌలు రైతుకు తాకట్టు పెట్టడానికి పొలమే లేదు. మాస్టారు ఆ యూదా ప్రధానుల్లాంటివాడు కాడు; ఎవరి పిల్లలనూ తీసుకోలేదు; బయట మూడు రూపాయలకు తక్కువ పుట్టని రోజుల్లో రెండు రూపాయలకు ఇచ్చాడు. అన్నిటికన్నా పెద్ద తేడా, నేను నెహెమ్యాను కాను. అతడు రాజు నియమించిన అధికారి. యాజకులను పిలిపించి ప్రమాణం చేయించగలిగాడు. ఒడి దులిపి, మాట తప్పినవాణ్ణి దేవుడు ఇలాగే దులిపివేయునుగాక అనగలిగాడు. ఆ భాగాన్ని అనుకరించే సేవకులను చూశాను. అధికారం లేనివాడు ఒడి దులిపితే అది శాపనార్థం మాత్రమే.

ఆజ్ఞాపించే హక్కు నాకు లేదు గనుక ఈ అధ్యాయాన్ని ఆదివారం ప్రసంగంగా కూడా చేయకూడదని నిర్ణయించుకున్నాను. ఊళ్లో అందరికీ తెలిసిన తగాదా ఉండగా ప్రసంగ పీఠం మీద నుంచి వడ్డీ గురించి మాట్లాడితే, మాస్టారు తలవంచుకుని కూర్చోవాలి లేదా లేచి వెళ్లిపోవాలి. ఆయనకు జవాబు చెప్పుకునే అవకాశం ఉన్న చోటే ఈ కథ చెప్పాలి.

చదివిన తీరు

ముందుగా భార్యాభర్తలతో మొదటి ఐదు వచనాలు మాత్రమే చదివాను. భర్తకు సిగ్గు ఎక్కువ. అప్పు తీర్చలేనివాడు విశ్వాసి ఎలా అవుతాడన్నది అతని బాధ. ఆ వచనాల్లో మొరపెట్టిన వారెవరినీ గ్రంథం నిందించలేదనీ, మీకు విశ్వాసం చాలలేదని నెహెమ్యా అనలేదనీ అతడే గమనించాడు. మీ భార్య నా దగ్గరకు రావడం ఇంటి పరువు తీయడం కాదు, మొదటి వచనంలో రాసి ఉన్న పనే ఆమె చేసింది అని చెప్పాను. అలాగే అప్పు అసలు మొత్తం రద్దయినట్టు ఈ అధ్యాయంలో స్పష్టంగా లేదని కూడా చెప్పాను. వ్యాఖ్యాతల్లో దీనిపై భేదాభిప్రాయాలున్నాయి. పొలాలు, వడ్డీ తిరిగి ఇమ్మన్న మాట మాత్రం స్పష్టం. అసలు మొత్తం మీరు తీర్చవలసిందే అన్నప్పుడు అతని ముఖం తేటపడింది. అప్పు ఎగ్గొట్టేవాడిగా తనను చూడడం లేదని అతనికి నమ్మకం కుదిరినట్టుంది.

మాస్టారింటికి నేను ఒక్కణ్ణే వెళ్లాను. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మనిషికి నేను పాఠం చెప్పడం తగదు. అధ్యాయం మీరే చదివి, అందులో జరిగింది మీ మాటల్లో చెప్పండని అడిగాను. చక్కగా చెప్పారు. చెప్పి, "ఇది నాకు వర్తించదు పాస్టరుగారూ. నేనెవరి పొలమూ రాయించుకోలేదు. అడిగితే ఇచ్చాను. బ్యాంకులో వేసుకున్నా వడ్డీ వచ్చేది కదా" అన్నారు. వర్తించదన్నది నిజమే కావచ్చునన్నాను. అయితే నిర్గమకాండం ఇరవై రెండులో, లేవీయకాండం ఇరవై ఐదులో, ద్వితీయోపదేశకాండం ఇరవై మూడులో ఉన్న వడ్డీ ఆజ్ఞలు పక్కపక్కన పెట్టి చదివాము. మొదటి రెండూ బీదవాడైన సహోదరుని గురించి చెబుతాయి. మూడవది సహోదరులందరికీ వర్తిస్తూ, అన్యునికి వడ్డీకి ఇవ్వవచ్చునంటుంది. ఆయన చాలాసేపు లేవీయకాండం దగ్గర ఆగారు. పంట వేసేటప్పుడు అతడు బీదవాడు కాడు, వ్యాపారానికి పెట్టుబడి అడిగిన రైతు; పురుగు తిన్న తరువాత బీదవాడయ్యాడు. ఈ విభజన ఆయన చేసిందే, నేను చేసింది కాదు. తరువాతి ఒప్పందమంతా దీని మీదే నిలిచింది.

కథ అసలు పట్టు మాత్రం మూడవ చోట బయటపడింది. సంఘ కమిటీలో ఈ విషయం ఎత్తేముందు లెక్కల పుస్తకాలు తిరగేస్తే, స్త్రీల సహవాసపు నిధి, గుడి కట్టడపు నిధి రెండూ ఏళ్ల తరబడి సభ్యులకే రూపాయిన్నర వడ్డీకి అప్పుగా తిరుగుతున్నట్టు కనిపించింది. ఇందులో దాపరికం ఏమీ లేదు. నిధి పెరగడానికి మంచి మార్గమని పూర్వపు పెద్దలు మొదలుపెట్టిన ఆచారం. అప్పు తీసుకున్నవారిలో ఎక్కువమంది కూలి పని చేసుకునే స్త్రీలు, ఆసుపత్రి ఖర్చులకు తీసుకున్నవారు. పదవ వచనం అప్పుడు మా అందరి ముందూ నిలబడింది. మాస్టారిని పిలిచి వడ్డీ మానుకోమని చెప్పే కమిటీ, ఆయన కన్నా అరరూపాయి తక్కువకు అదే పని చేస్తోంది. కమిటీలో ఆ అధ్యాయాన్ని చదివింది మాస్టారే. పదవ వచనం రెండుసార్లు చదివారు.

సంఘ నిధితో ఆ కుటుంబం అప్పు తీర్చేద్దామని ఒకరు సూచించారు. నేను వద్దన్నాను. 1876-78 కరువులో ఒంగోలు బాప్తిస్టు మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి పని చూపించాడు, కానీ ఆ పనులు సాగుతున్నంతకాలం బాప్తిస్మాలు ఆపాడు. తిండి కోసం వచ్చారన్న మాట వారి మీద పడకూడదన్నది కారణం. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకోవడం ఆ తరువాతి చరిత్ర. సాయం పొందినవారి మీద మచ్చ పడకూడదన్న ఆ జాగ్రత్తే ఇక్కడా అవసరం. ఒక సభ్యుని అప్పు సంఘం తీరిస్తే, అతడు ఒక్కరికి బాకీ ఉండడం పోయి రెండు వందల మందికి బాకీ పడతాడు. అంతేకాక, ఆ తరువాత అతడు సంఘంలో ఏ విషయంలోనూ కాదని నోరెత్తలేడు.

ఒప్పందం

మాస్టారు ప్రతిపాదించినదే రాసుకున్నాము. పంట పోయిన తరువాతి కాలానికి, అంటే కట్టని రెండేళ్లకు, వడ్డీ లేదు. అసలు రెండు లక్షలకే కొత్త నోటు, వడ్డీ లేకుండా. మూడు పంటల మీద మూడు వాయిదాల్లో చెల్లింపు. పంట పూర్తిగా పోయిన ఏడాది వాయిదా మరుసటి ఏటికి జరుగుతుంది. నోటు రాయవద్దనీ, నోటిమాట చాలుననీ ఇద్దరు పెద్దలు అన్నారు, నేను ఒప్పుకోలేదు. సహోదరుల మధ్య రాత లేకపోవడం ప్రేమకు గుర్తని మనవాళ్లు అనుకుంటారు గానీ, నెహెమ్యా వారి మాట విని ఊరుకోకుండా యాజకులను పిలిపించి ప్రమాణం చేయించడం ఇందుకే. మాస్టారికి ఏదైనా అయితే ఆయన పిల్లలు పాత లెక్క అడగకుండా కూడా ఈ కాగితం అవసరం.

కమిటీ తన వంతుగా వైద్యం, తిండి, పిల్లల చదువు కోసం సభ్యులకిచ్చే అప్పుల మీద వడ్డీ తీసివేసింది; వ్యాపారానికి ఇకమీద ఇవ్వకూడదని నిర్ణయించింది. నిధి తరిగిపోతుందని గట్టిగా వాదించినవారు ఉన్నారు. వారి మాట తప్పు కాదు, తరిగింది. గుడి ప్రహరీ పని ఆగింది. గోడ కట్టడం నడుమ వడ్డీ సంగతి తేల్చుకున్న అధ్యాయాన్ని చదివి గోడ ఆపుకున్నామని ఒక పెద్ద నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వులో కొంత విసుగూ ఉంది.

మిగిలినవి

మొదటి వాయిదా పూర్తిగా రాలేదు. మిరప ధర పడిపోయింది. యాభై వేలు కట్టి, మిగిలింది తరువాతి వాయిదాలో కలపమని భర్త స్వయంగా వెళ్లి అడిగాడు. మునుపటిలా ఊరు విడిచి పోలేదు. కుటుంబం గుడికి వస్తోంది. బల్ల దగ్గర పాత్ర అందించే పనిని పెద్దలు వంతులవారీగా మార్చుకున్నారు. దాని కారణం ఎవరూ ప్రకటించలేదు.

మొదటి ఏడాది తీసుకున్న నలభై ఎనిమిది వేల గురించి మాస్టారే ఒకసారి అడిగారు: నూరవ భాగం తిరిగి ఇమ్మన్నాడు కదా, అది నేనూ ఇవ్వాలా? పంట పోయాక, నగలు కుదువబెట్టి కట్టిన సొమ్ము అది, మీరు చేసిన విభజన ప్రకారం చూస్తే అది కూడా బీదవాడి దగ్గర తీసుకున్నదే అని చెప్పాను. ఆయన ఇంతవరకు నిర్ణయం చెప్పలేదు, నేను మళ్లీ అడగలేదు.

ఎరువుల కొట్టు బాకీ వేరే దారిన వెళ్లింది. కొట్టు యజమాని క్రైస్తవుడు కాడు. ఆయన ముందు నెహెమ్యాను తెరిచే హక్కు నాకు లేదు, తెరిస్తే అది మత ఒత్తిడి అవుతుంది. న్యాయసేవాధికార సంస్థవారి లోక్ అదాలత్‌లో ఇద్దరినీ కూర్చోబెట్టగా వాయిదాలకు ఒప్పుకున్నాడు, వడ్డీతో సహా. ఆ వాయిదాలు ఇంకా నడుస్తున్నాయి.